కళ్లె పరీక్ష: మాట, నమూనా, నిర్ధారణ

గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసే కూలీలకూ, జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము పీల్చే కార్మికులకూ దగ్గు నిత్యానుభవం. అందువల్ల దానిని ఘాటుకో, దుమ్ముకో ఆపాదించి ఊరుకొనే ప్రమాదం ఉంది. దగ్గు వినినంత మాత్రాన దాని కారణం తెలియదు. న్యుమోనియాకు తరచుగా కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, 1882లో రాబర్ట్ కాక్ వెల్లడించిన క్షయ బాక్టీరియా వంటివాటిని ప్రయోగశాలలోనే గుర్తించాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలని జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం సూచిస్తున్నది.

ఈ పరీక్షలో మాట కీలకమవుతుంది. ‘ఉమ్మి ఇవ్వండి’ అంటే రోగి నోటిలోని లాలాజలాన్నే ఇవ్వవచ్చు. కావలసినది ఊపిరితిత్తుల లోతు నుండి దగ్గితే వచ్చే కళ్లె, అనగా తెమడ. ఉదయం నిద్ర లేవగానే నోటిని నీటితో పుక్కిలించి, గాఢంగా ఊపిరి పీల్చి, ఆరుబయట ఇతరులకు దూరంగా దగ్గి, వెడల్పు మూతి గల శుభ్రమైన డబ్బాలో దానిని సేకరించాలి. మూత బిగించి వెంటనే ప్రయోగశాలకు చేర్చాలి. సాధ్యమైనంతవరకు యాంటీబయాటిక్ మందులు మొదలుపెట్టకముందే నమూనా తీయాలి.

లాలాజలాన్ని పరీక్షించి ‘క్రిములు లేవు’ అని తేల్చినంత మాత్రాన వ్యాధి లేనట్లు కాదు. కనుక సరైన నిర్ధారణకు తొలి మెట్టు రోగికి అర్థమయ్యే సరైన మాట.