కంపవాతం: రక్తపరీక్ష చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి?

జగ్గయ్యపేట, నందిగామ: ఒకనాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరొంది, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ పరిసర గ్రామాలలో పత్తి, మిరప ప్రధాన పంటలు. పత్తి తీయాలన్నా, మిరపకాయ కోయాలన్నా వేళ్లు చురుకుగా ఆడాలి. పార్కిన్సన్స్ వ్యాధి, అంటే కంపవాతం, తొలుత దెబ్బతీసేది ఆ చురుకుదనాన్నే. చొక్కా గుండీలు పెట్టుకోవటం ఆలస్యం కావటం, బ్యాంకులో చేసే సంతకం నానాటికీ చిన్నదవటం, ఊరకే ఉన్నప్పుడు ఒక చేయి వణకటం వంటి లక్షణాలు కనిపించగానే కుటుంబ సభ్యులు రక్తపరీక్షకు సిద్ధపడటం సహజం. అయితే రక్తంలోని వాపు సూచికల ద్వారా ఈ వ్యాధిని నిర్ధారించటం సాధ్యం కాదన్న విషయాన్ని ప్రజలు గ్రహించవలసి ఉన్నది.

వ్యాధికి, వాపునకు గల సంబంధం

ఈ వ్యాధిని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ తొలిసారిగా సవివరంగా వర్ణించారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించటం వలన కదలికలు మందగిస్తాయి. నశించే కణాలలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మాంసకృత్తు ముద్దలుగా పేరుకుంటుందని 1997లో వెల్లడయింది. అంతకుముందే, 1988లో, మరణించిన రోగుల మెదడును పరీక్షించిన శాస్త్రవేత్తలు ఆ భాగంలో మైక్రోగ్లియా అనే రక్షక కణాలు ఉద్రేక స్థితిలో ఉన్నట్లు గుర్తించారు. దేహాన్ని కాపాడవలసిన వాపు ప్రక్రియే దీర్ఘకాలం కొనసాగి నాడీకణాలకు హాని చేస్తున్నదా అన్న పరిశోధన నాటి నుండి విస్తరించింది.

2016లో ప్రచురితమైన ఒక సమీక్ష 25 అధ్యయనాలను క్రోడీకరించి, 1,547 మంది రోగులను 1,107 మంది ఆరోగ్యవంతులతో పోల్చింది. రోగుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటి సూచికలు సగటున అధికంగా ఉన్నట్లు తేలింది.

సగటు వేరు, వ్యక్తి వేరు

ఇక్కడ "సగటున" అన్న మాట కీలకమైనది. వేయి మందిని కలిపి చూసినప్పుడు కనిపించే స్వల్ప భేదం ఒక వ్యక్తి విషయంలో నిర్ణయానికి చాలదు. సాధారణ ప్రయోగశాలలలో చేసే సి.ఆర్.పి. పరీక్షలో ఫలితం లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణంగా పెద్ద వాపు లేనట్లు భావిస్తారు. కంపవాత రోగులలో అనేకులకు ఫలితం ఈ పరిమితిలోనే ఉంటుంది. మరొకవైపు పంటి చీము, కీళ్లవాతం, స్థూలకాయం, పొగతాగటం వంటివి వ్యాధి లేనివారిలో సైతం ఈ సూచికను పెంచుతాయి. ఫలితం పెరిగినంత మాత్రాన కంపవాతం ఉన్నట్లు కాదు, పెరగనంత మాత్రాన లేనట్లూ కాదు.

వ్యాధి నిర్ధారణకు వైద్యుని ప్రత్యక్ష పరీక్షే నేటికీ ప్రధాన ఆధారం. కదలికలు మందగించటం తప్పనిసరి లక్షణం. దానికి తోడు విశ్రాంతి వేళ వణుకు గాని, కండరాల బిగుతు గాని ఉండాలి. కావున రోజు కూలి వదులుకొని పట్టణానికి వచ్చే కుటుంబం తొలుత చేరవలసినది వైద్యుని వద్దకే గాని ప్రయోగశాలకు కాదు. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లాలి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక రుగ్మతలకు ఇచ్చే హలోపెరిడాల్ వంటి మందుల వలన కూడా ఇటువంటి లక్షణాలు కలుగుతాయి.

పరీక్ష అక్కరకు వచ్చే సందర్భం

అట్లని ఈ రక్తపరీక్ష కంపవాత రోగికి నిరుపయోగమని భావించరాదు. నిలకడగా ఉన్న రోగి రెండు మూడు రోజుల వ్యవధిలోనే మంచం పట్టినా, మాట తడబడినా, అయోమయానికి లోనైనా వ్యాధి ముదిరిందని సరిపెట్టుకోవటం ప్రమాదకరం. కంపవాతం నెలలు, సంవత్సరాల కాలంలో నెమ్మదిగా ముదురుతుంది. హఠాత్తుగా క్షీణించటానికి తరచుగా మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ లేదా మింగటంలో పొరపోయి వచ్చిన న్యుమోనియా కారణమవుతుంది. వృద్ధులలో జ్వరం కనిపించకపోవచ్చు. అటువంటి వేళ సి.ఆర్.పి., రక్తకణాల లెక్కింపు, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే దాగి ఉన్న కారణాన్ని పట్టి ఇస్తాయి. తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో సి.ఆర్.పి. 100 దాటటం కద్దు. సకాలంలో చికిత్స అందితే చాలామంది రోగులు తిరిగి మునుపటి స్థితికి చేరుకుంటారు.

పాటించవలసిన జాగ్రత్తలు

వాపు తగ్గించే మందులు కంపవాతాన్ని నిలువరిస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలకు, జీర్ణాశయానికి ముప్పు. ప్రధాన ఔషధమైన లెవోడోపాను ఆకస్మికంగా మానివేయరాదు. మానినచో తీవ్రజ్వరం, కండరాల బిగుతు, అపస్మారక స్థితి ఏర్పడి ప్రాణాపాయం కలుగవచ్చు. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు సైతం ఆ మాత్రలు వేళకు అందేటట్లు కుటుంబ సభ్యులు సిబ్బందికి ముందుగానే తెలియజేయాలి.

గ్రామంలోని ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఈ వ్యత్యాసాన్ని ఇంటింటికీ చేరవేయగలిగితే అనవసర పరీక్షల వ్యయం తగ్గుతుంది. అంతకుమించి, "ముసలితనం, వణుకుడు జబ్బు" అని వదిలివేసిన మంచాన ఉన్న రోగికి చికిత్సకు లొంగే ఇన్‌ఫెక్షన్ ఉన్నదేమో చూచే అవకాశం లభిస్తుంది.