వార్తల్లో పదం: పెసరీ స్వీయ నిర్వహణ

మహిళల ఆరోగ్య వార్తల్లో ఈమధ్య కనిపిస్తున్న మాట ఇది. జారిన గర్భసంచిని, మూత్రాశయాన్ని పైకి నిలిపి ఉంచడానికి యోనిలో అమర్చే సాధనం పెసరీ. చాలావరకు సిలికాన్ రింగే. దాన్ని మహిళే తీసి, కడిగి, తిరిగి పెట్టుకోవడం స్వీయ నిర్వహణ.

కొలత చూసి మొదట అమర్చేది డాక్టరే. ఆ తర్వాత పద్ధతి నేర్పుతారు. రింగును మడిచి, జెల్లీ రాసి లోపలికి జరపాలి. తీసేటప్పుడు అంచును వేలితో పట్టి లాగాలి. సబ్బు నీళ్లతో కడిగితే చాలు. ఇది నేర్చుకోకపోతే కొన్ని నెలలకోసారి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వరినాట్లకు వెళ్లే దివిసీమ మహిళకు విజయవాడ ప్రయాణమంటే ఆ రోజు కూలి పోయినట్టే.

బ్రిటన్‌లో 340 మందితో జరిపిన టాప్సీ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సొంతంగా చూసుకున్నవారి జీవన నాణ్యత క్లినిక్‌కు వెళ్లినవారితో సమానంగానే ఉంది. పెసరీతో వచ్చే ఇబ్బందులు మాత్రం సొంతంగా చూసుకున్నవారిలోనే తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తొలగించారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కారణాలు అనేకం. అయితే జారుడుకు ఆపరేషన్ కాని దారీ ఉందని మన ఆడవాళ్లకు ముందే తెలియాలి.

పెసరీ అందరికీ నప్పదు. రక్తం కనిపించినా, దుర్వాసన వచ్చినా, మూత్రం ఆగినా వెంటనే డాక్టరును కలవండి.