మోటారు సైకిలుకు సింథటిక్ నూనె: ఎప్పుడు మార్చవలెను?



ఎద్దుబండి ఇరుసునకు కందెన తక్కువైనచో బండి కిఱ్ఱుమని మొఱపెట్టును. ఆ మొఱ విని మనము మేల్కొందుము. మోటారు సైకిలు ఇంజను అట్లు ముందుగా చెప్పదు. నూనె చెడినను కొంతకాలము మామూలుగనే నడచుచు లోలోపల అరిగిపోవును. చప్పుడు వినబడునాటికి వేలకొలది రూపాయల మరమ్మతు మన నెత్తిపై పడును. కావున ఇంటనున్న బండికి ఏ నూనె, ఎప్పుడు పోయవలెనో ఇంటి పెద్ద తెలిసికొనియుండుట మేలు.

అంగళ్లలో దొరకు ఇంజను నూనెలు ముఖ్యముగా రెండు విధములు. భూమినుండి తీసిన ముడిచమురును శుద్ధిచేయగా వచ్చునది మినరల్ నూనె. రసాయన ప్రక్రియచే అణువులను కూర్చియో, మార్చియో చేయునది సింథటిక్ నూనె. ఈ రెంటిని కలిపినది సెమీ సింథటిక్. మినరల్ నూనెలో చిన్నవి, పెద్దవి అణువులు కలగాపులగముగ నుండును. సింథటిక్ నూనెలో అవి ఇంచుమించు ఒకే తీరున నుండును. అందుచే అది మిక్కిలి వేడికి త్వరగా చెడదు. చలిలోను సులభముగా పారును. వెలమాత్రము హెచ్చు.

గుణము హెచ్చైనదైనచో కొన్ననాడే పోయరాదా యని మీరడుగవచ్చును. కొత్త కోడెను కాడికి మరపునపుడు తొలిదినముననే నిండుబరువు కట్టము గదా! కొత్త ఇంజనును గూడ అట్లే మరపవలెను. సిలిండరు లోగోడపై కర్మాగారమువారు సన్నని గీతలు గీసియుంతురు. పిస్టనుకు తొడిగిన రింగులు ఆ గోడతో ఒరసికొని, ఎత్తుపల్లములు పోయి, చక్కగా కుదురుకొనవలెను. కుదురుకొననిచో నూనె పైకి ప్రాకి మండిపోవును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చును. మిక్కిలి జారుడు నూనెవలన ఈ కుదురుబాటు ఆలస్యమగునని పలువురు మెకానిక్కుల అభిప్రాయము. అంతకంటె స్పష్టమగు కారణము వేఱొకటి కలదు. ఒరపిడివలన పుట్టిన లోహపు రజను తొలినూనెలో చేరును. దానిని 500 మొదలు 1,000 కిలోమీటర్ల లోపుననే తీసివేయవలెను. అంత త్వరగా పారబోయుదానికి హెచ్చువెల పెట్టుట దండుగ.

కావున తొలి సర్వీసులో మరల మినరల్ నూనెయే పోయించుడు. రెండు మూడు మార్పులు జరిగి, బండి సుమారు 3,000 మొదలు 5,000 కిలోమీటర్లు తిరిగిన పిదప సింథటిక్ నూనెకు మారవచ్చును. కొన్ని బండ్లకు కర్మాగారమువారే మొదటినుండియు సింథటిక్ నూనె పోసి పంపుదురు. అట్టి వానికి ఈ నియమము వర్తింపదు. బండితో ఇచ్చిన పుస్తకములోని మాటయే ప్రమాణము.

మారుట అందఱికిని అవసరమా? 1994లో వెలువడిన స్ప్లెండర్ వంటి 100 సీసీ బండిని తలచుకొనుడు. దాని ఇంజను గాలిచేతనే చల్లబడును. అందు పట్టు నూనె సుమారు ఒక లీటరు మాత్రమే. రెంటచింతల ఎండలో పాలక్యానులు కట్టి దినమునకు అరువది, డెబ్బది కిలోమీటర్లు తిరుగువానికి సింథటిక్ నూనె పెట్టిన వెలకు తగిన మేలు చేయును. ఇంటినుండి పొలమునకు పోయివచ్చు బండికి, వేళకు మార్చిన మినరల్ నూనెయే చాలును. వేళ మీఱిన మంచి నూనెకంటె వేళకు మార్చిన సామాన్యపు నూనె మేలు.

పాతబండి సంగతి వేఱు. నీలిపొగ విడుచుచున్నను, అతుకులవద్ద నూనె కారుచున్నను ముందు మరమ్మతు చేయింపవలెను. అరిగిన రింగును ఏ నూనెయు బాగుచేయజాలదు. సిలిండరు బోరు చేయించి కొత్త పిస్టను వేసినచో, ఆ ఇంజను మరల కొత్తదియే; మరపుట మొదటినుండి మొదలు.

ఇక ఒక హెచ్చరిక. కార్లకు ఉద్దేశించిన నూనెను మోటారు సైకిలులో పోయరాదు. గేరుబండ్లలో పెక్కింట క్లచ్చి పలకలు ఇంజను నూనెలోనే మునిగియుండును. కారు నూనెలలో కొన్నిటియందు జారుడు పెంచు మందులు కలియును. వానివలన క్లచ్చి పట్టు సడలి, ఇంజను ఎంత అఱచినను బండి ముందుకు సాగదు. డబ్బాపై జాసో ఎంఏ లేక ఎంఏ2 అను గుర్తు చూచి కొనుడు. ఈ ప్రమాణము జపాను దేశమున 1998లో ఏర్పడినది. ఎంబి గుర్తు గేరులేని స్కూటర్లకు ఉద్దేశించినది. 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి అంకెలు చిక్కదనమును తెలుపును. వానిని బండి పుస్తకములో చెప్పినట్లే యుంచవలెను.

మార్చునాడు ఇంజను కొంచెము వెచ్చగా నుండగా పాతనూనెను పూర్తిగా దింపి, మార్చదగిన వడపోత యున్నచో దానిని గూడ మార్పించుడు. పాతనూనె కొంచెము మిగిలినను హానిలేదు గాని, సగము సగము కలిపినచో పెట్టిన వెలకు ఫలము దక్కదు. దింపిన నూనెను కాలువలో పోయవలదు. ఆ నీరే మన పైరుకును పశువులకును ఆధారము.

మార్చిన తేదీని, తిరిగిన కిలోమీటర్లను పద్దుపుస్తకములో వ్రాసియుంచుడు. అంగడివాని మాటకంటె ఆ రెండు అంకెలే మీకు నమ్మదగిన సలహాదారులు.