ఎఫ్ఎఫ్ఎంపెగ్: సోర్స్ కోడ్ ఒక్కటే, బిల్డ్ చేసే దారులు మూడు

వీడియోలు కన్వర్ట్ చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రెడీమేడ్‌గా దొరుకుతుంది కదా, సోర్స్ నుంచి బిల్డ్ చేయడం ఎందుకు? మనకు కావాల్సిన కోడెక్‌లే పెట్టుకోవచ్చు, అందుకు. నేను మూడు ఓఎస్‌ల మీదా చేసి చూశాను.

ఉబుంటులో చాలా ఈజీ. బిల్డ్-ఎసెన్షియల్, నాజమ్, ఎక్స్264 డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఆప్ట్‌తో వేసుకుంటే చాలు. మ్యాక్‌లో ముందు ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్, మిగతావి హోమ్‌బ్రూ నుంచి. విండోస్‌లోనే కాస్త ఓపిక కావాలి. ఎంసిస్2 ఇన్‌స్టాల్ చేసి దాని టెర్మినల్‌లోనే పని చేయాలి, ఎందుకంటే మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడవదు.

ఆ తర్వాత మూడింటిలోనూ వరస ఒకటే: ముందు కాన్ఫిగర్, తర్వాత మేక్. కాన్ఫిగర్ ఏదో దొరకలేదని మధ్యలో ఆగిపోతే కంగారు పడకండి. ఎఫ్ఎఫ్‌బిల్డ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ లాగ్ తెరిచి చివరి లైన్లు చదవండి, కారణం అక్కడే ఉంటుంది.

అసలు జాగ్రత్త ఆప్షన్ల దగ్గర. ఎక్స్264 కావాలంటే 'ఎనేబుల్-లిబ్‌ఎక్స్264'తో పాటు 'ఎనేబుల్-జీపీఎల్' కూడా ఇవ్వాలి. 'ఎనేబుల్-నాన్‌ఫ్రీ' ఇచ్చారో, ఆ బిల్డ్ మీ వరకే. ఫ్రెండ్‌కి పంపినా, ఆన్‌లైన్‌లో పెట్టినా లైసెన్స్ ఒప్పుకోదు. ఎంటర్ కొట్టే ముందు ఆ ఒక్క లైన్ మళ్లీ చూసుకోండి.