ఆడపిల్ల చదువు – బంగ్లాదేశ్ చూపిన దారి

1971లో ఏర్పడిన బంగ్లాదేశ్‌ను 1974లోనే కరువు కాటేసింది. అప్పట్లో అక్కడ ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. 1994 నుంచి గ్రామాల్లోని హైస్కూలు బాలికలకు ఫీజు లేకుండా చేసి, ఉపకార వేతనం ఇచ్చింది. షరతులు మూడు: 75 శాతం హాజరు, కనీస మార్కులు, హైస్కూలు చదువు ముగిసేదాకా పెళ్లి చేయకపోవడం. ఎగుమతుల కోసం వెలసిన దుస్తుల ఫ్యాక్టరీలు లక్షలాది యువతులకు జీతం చూపించాయి.

నేడు అక్కడ సగటు సంతానం సుమారు ఇద్దరు. బాల్య వివాహాలు ఇంకా పోలేదు గానీ, హైస్కూళ్లలో బాలికల సంఖ్య బాలురను మించింది.

దాతలారా! మన స్కాలర్‌షిప్పు కూడా పదో తరగతి ముగిసేదాకా ఆగకూడదు. మధ్యలో ఆగితే ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది.