జీపు బలం ఇసుకలో ఏమవుతుంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. అటువంటప్పుడు కూలిన మానును జీపుకు కట్టి లాగేస్తే సరిపోదా? జీపు అసలు ఎంత బరువు లాగగలదు?

ఇంజను ఎంత పెద్దదైతే అంత అని మీరు అనవచ్చు. కాని ఇంజను చేసేది చక్రాన్ని తిప్పడమే. చక్రం నేలను వెనక్కు నెడుతుంది, నేల చక్రాన్ని ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ గమన నియమం. నేల పట్టు ఇవ్వకపోతే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. జీపు బరువు 1,800 కిలోలు, నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరుగుతాయి అనుకుందాం. పొడి తారురోడ్డు మీద పట్టు బరువులో సుమారు పదింట ఏడు వంతులు, అంటే 1,260 కిలోలు. టెక్కలి, పలాసల మీదుగా పోయే జాతీయ రహదారిపై 1,000 కిలోల ట్రైలరును సమతలంలో దొర్లించడానికి 20 కిలోల లాగుడు చాలు.

అదే జీపు భావనపాడు తీరంలో పొడి ఇసుకలోకి దిగిందనుకోండి. పట్టు పదింట నాలుగు వంతులు, అంటే 720 కిలోలు. చక్రాలు కూరుకుపోతాయి కనుక జీపు తాను కదలడానికే అందులో 360 ఖర్చు. మిగిలేది 360. 700 కిలోల కొబ్బరి మానును ఈడ్వాలంటే 420 దాకా కావాలి. కాబట్టి జీపు కదలదు! మానును రెండు ముక్కలు కోస్తే ఒక్కొక్కదానికి 210 చాలు. రంపం జీపుకు సాయపడిందన్నమాట.

మరో ఉపాయం టైర్లలో గాలి తగ్గించడం. ఒక్కో చక్రం మోసేది 450 కిలోలు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలైతే టైరు సుమారు 225 చదరపు సెంటీమీటర్ల నేలను తాకుతుంది. ఒత్తిడి సగమైతే 450 తాకుతుంది. బరువు పరుచుకోవడంతో చక్రం తక్కువ దిగబడుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ గాలి నింపాలి, లేకుంటే టైరు వేడెక్కి పాడవుతుంది.

రోడ్డు మీద సులువుగా లాగుతోంది కదా అని ఎంతైనా కట్టవచ్చా? కూడదు. లాగడంకన్నా ఆపడం కష్టం. ట్రైలరుకు సొంత బ్రేకులు లేకపోతే జీపు బ్రేకులే 2,800 కిలోలను ఆపాలి. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగింతలవుతుంది. తయారీదారులు బరువుకు హద్దు పెట్టేది అందుకే.

ఇంకొక మాట. బిగిసిన తాడు లాగిన ఉండేలు వంటిది. తెగితే ప్రాణం తీయగలదు. లాగేచోట తాడుకు దూరంగా నిలబడండి.

చేసి చూడండి: ఒక ఇటుకకు స్ప్రింగుత్రాసు తగిలించి గచ్చుమీద, ఇసుకమీద, గుండ్రని పెన్సిళ్ళమీద లాగండి. మూడు అంకెలూ రాసుకోండి. పడవల కింద దుంగలు ఎందుకు వేస్తారో మీకే తెలుస్తుంది.