తల్లి వేషం, కొడుకు వేషం

విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు దారులు కలిసే హనుమాన్ జంక్షన్ పేరుతో 2001లో మోహన్ రాజా దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం, అంతకు ముందు ఏడాది విడుదలైన మలయాళ చిత్రం ‘తెంకాశిపట్టణం’కు రీమేక్, అంటే ఒక భాషలో ఆడిన కథను మరో భాషలో, మరో నేల మీద తిరిగి తీసిన చిత్రం. నూజివీడు తోటల్లో మామిడికి అంటు కట్టడం కూడా ఇటువంటిదే. టెంక నుంచి మొలిచిన మొక్కకు కోరిన రకం కొమ్మను అతికిస్తే, కాయ ఆ కొమ్మదే అవుతుంది గాని దానికి నీరందించేది ఇక్కడి వేరు. నవ్వుల కథకు ఈ అంటు తేలికగా పడుతుంది. నేరకథకు పడటం కష్టం, ఎందుకంటే ముడి ఎక్కడ విడుతుందో ముందే తెలిసిన ప్రేక్షకుణ్ణి కూడా అది కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఆ కష్టాన్ని చాలావరకు గెలిచిన చిత్రం, 2019 ఆగస్టు 15న విడుదలైన ‘ఎవరు’. వెంకట్ రాంజీ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆధారం, స్పెయిన్ దర్శకుడు ఓరియల్ పౌలో 2016లో రూపొందించిన ‘కాంట్రాటియెంపో’. రెండింటినీ పోల్చాలంటే ముగింపులు చెప్పక తప్పదు కనుక, చూడనివారు ఇక్కడ ఆగవచ్చు.

మూలంలో ఆడ్రియన్ డోరియా అనే వ్యాపారి, లోపల గడియ పడిన హోటల్ గదిలో ప్రియురాలి శవంతో దొరికిపోతాడు. విచారణకు అతణ్ణి సిద్ధం చేయడానికి వచ్చిన న్యాయవాది వర్జీనియా ప్రశ్నించిన ప్రతిసారీ అతని కథ మారుతుంది. విమర్శకులు ‘నమ్మదగని కథకుడు’ అనేది ఇటువంటి పాత్రనే. రోడ్డు ప్రమాదంలో చిక్కిన యువకుణ్ణి ప్రాణం ఉండగానే కారుతో సహా నీటిలో ముంచేశారన్న నిజం చివరకు అతని నోటి నుంచే వస్తుంది. ఆపై ఎదుటి భవనం కిటికీలో ఆ న్యాయవాది విగ్గు తీసి, ముఖం మీది వేషం ఒలిచినప్పుడు, ఆమె ఆ యువకుడి తల్లి అని తెలుస్తుంది.

తెలుగులో గడియ పడిన గది లేదు. పోలీసు అధికారి అశోక్‌ను కాల్చానని సమీర (రెజీనా) మొదటే ఒప్పుకుంటుంది, అత్యాచారం నుంచి ఆత్మరక్షణ కోసమని చెబుతుంది. అందువల్ల చంపింది ఎవరన్న ప్రశ్న పోయి, ఎందుకన్నదే మిగులుతుంది. లంచం తీసుకుని ఆమెను కాపాడటానికి వచ్చిన ఎస్సై విక్రమ్ వాసుదేవ్ (అడివి శేష్), నిజానికి అదృశ్యమైన వినయ్ వర్మ అనే వ్యక్తి కొడుకు. అదే స్పానిష్ కథతో అదే ఏడాది మార్చిలో వచ్చిన హిందీ ‘బద్లా’లో వేషం కట్టింది తండ్రి కాగా, తెలుగులో మాత్రం కొడుకు తండ్రి కోసం వస్తాడు. తల్లి వేషంలో ఉన్నది కడుపుకోత, కొడుకు వేషంలో ఉన్నది తీర్చవలసిన ఋణం. ఈ మార్పుతోనే అరువు కథ తెలుగింటి కథ అయింది.

అయితే అత్యాచార ఆరోపణను అబద్ధంగా తేల్చి కథను మలుపు తిప్పడం, నిజమైన బాధితుల మాటనే అనుమానించే సమాజంలో, బాధ్యత గల ఎంపిక కాదు. మూలకథకు ఆ అవసరమే కలగలేదు. పట్టు విషయంలో స్పానిష్ చిత్రానిదే పైచేయి, ఆర్ద్రతలో మాత్రం ‘ఎవరు’ దానికి తీసిపోదు.